ఏడో లెక్క, రెండో తరుగు

మా ఆవిడ బీకాం చదువు గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తరవాతే మాట వస్తుంది. మధ్యలో గొంతు పెరిగితే ఏమీ అనుకోకండి. నేను దర్జీని. పగలంతా పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని పనిచేసేవాణ్ణి కాబట్టి నాకు మాట్లాడే వీలు తక్కువ. దొరికినప్పుడు మాత్రం వదలను.

ఆవిడ ఒక ఆసుపత్రి అకౌంట్స్ సెక్షన్లో సహాయకురాలు. వార్డుల నుంచి వచ్చే బిల్లులు విడదీసి, వోచర్లకు నంబర్లు వేసి, పెద్ద క్లర్కు టేబుల్ మీద పెడుతుంది. పెద్ద క్లర్కు వాటి మీద సంతకం చేసి, టీ తాగి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు. ఆయన కుర్చీ ఖాళీ అయితే ఆవిడకే ఇస్తామని సూపరింటెండెంటు ఎప్పుడో అన్నాడు. కాకపోతే ఆ కుర్చీకి డిగ్రీ ఉండాలి. ఆవిడ చదువు పెళ్ళికి ముందే ఇంటర్ దగ్గర ఆగిపోయింది. అందుకని, తలలో తెల్లవెంట్రుకలు తొంగిచూసే వయసులో, సాయంత్రం కాలేజీ కామర్స్ డిపార్టుమెంటులో చేరింది.

అన్ని పేపర్లూ పాసయింది. ఎకనామిక్స్, వ్యాపార చట్టం, ఆదాయపు పన్ను, ఆఖరికి అందరూ భయపడే స్టాటిస్టిక్స్ కూడా. అకౌంటెన్సీ ఒక్కటే మిగిలింది. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా అకౌంట్సులో మునిగితేలే మనిషి అకౌంటెన్సీలోనే తప్పింది. "ఏనుగు దూరింది, తోక చిక్కింది" అంది మా అమ్మ మొదటిసారి. రెండోసారి తప్పినప్పుడు మా అమ్మ ఏమీ అనలేదు. మా అమ్మ ఏమీ అనలేదంటే విషయం చాలా దూరం వెళ్ళిందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇంతలో పెద్ద క్లర్కు ఉద్యోగం మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నానని కాగితం పెట్టాడు. ఈ ఎండాకాలంలోపు ఆ ఒక్క పేపరూ గట్టెక్కితే కుర్చీ ఆవిడది. లేకపోతే డిగ్రీ ఉన్న ఇంకెవరిదో.

ఆ డిపార్టుమెంటు సంగతి కొంచెం చెప్పాలి. కాలేజీలో మేడమీద, నడవా చివర, నీళ్ళ ట్యాంకు పక్కన ఉంటుంది. క్లాసులో బల్లలన్నీ ఒకవైపుకి వాలి ఉంటాయి, పెన్ను పెడితే దొర్లుతుంది. నల్లబల్ల మీద మధ్యగా నిలువు గీత, పైన అడ్డగీత తెల్లరంగుతో శాశ్వతంగా వేయించేశారు. ఎడమ డెబిట్, కుడి క్రెడిట్. ఏ సబ్జెక్టు చెప్పేవాళ్ళయినా ఆ గీతలకి అటూ ఇటూ రాసుకోవాల్సిందే. స్కేలు లేకుండా వస్తే క్లాసులోకి రానివ్వరు. ఆవిడ కొత్తలో స్కేలు మరిచిపోయి, వెనక్కి వచ్చి మా షాపులో స్కేలు పట్టుకుపోయింది. అది చంకలు గీసే వంకర స్కేలు. క్లాసంతా నవ్విందట. నేనేమో ఆ సాయంత్రమంతా చంకలు కంటిచూపుతో కత్తిరించాను.

డిపార్టుమెంటు పెద్దసారుని పిల్లలు టిక్కు సారు అంటారు. మనిషి మంచివాడే, అరవడు, ఎవరినీ కించపరచడు. ఆయనతో చిక్కల్లా పేపర్లు దిద్దే పద్ధతే. ముందు ఆఖరి పేజీ తిప్పుతాడు. ఆస్తి అప్పుల పట్టీ కింద జంటగీతల మధ్య ఉన్న టోటలు చూస్తాడు. కీలో, అంటే దిద్దేవాళ్ళ కోసం తయారుచేసే జవాబుల కాగితంలో, ఉన్న టోటలు అదే అయితే పెద్ద టిక్కు, లెక్క మొత్తానికి మార్కులు. కాకపోతే గీతలు తిన్నగా ఉన్నందుకు రెండో మూడో పడేసి పక్కన పెడతాడు. మధ్యలో ఏం జరిగిందో చూడటానికి తీరిక లేదంటాడు. ఆయన శిష్యులే చుట్టుపక్కల కాలేజీల్లో మాస్టర్లు, వాళ్ళు దిద్దేదీ అలాగే. అందరూ చెప్పే పుస్తకం కూడా ఆయన రాసిందే.

ఆ పుస్తకంలో ప్రతి లెక్క కిందా జవాబు వేసి ఉంటుంది. ఆవిడ పొద్దున్నే, నేను షాపు తెరవకముందు, గుడ్డలు కత్తిరించే బల్ల మీద కాగితాలు పరుచుకుని లెక్క చేసేది. పుస్తకం నా చేతిలో ఉండేది. చేసి టోటలు చెప్తే, జవాబు చూసి చెప్పడం నా ఉద్యోగం. అకౌంటెన్సీ నాకు నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం. అయినా రెండు అంకెలు ఒకటేనా కాదా అని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు కదా.

ఆఖరి పాఠంలో ఏడో లెక్క దగ్గర నేను "కలవలేదు" అన్నాను. ఆవిడ మళ్ళీ చేసింది. కలవలేదు. మర్నాడు చేసింది, కలవలేదు. కాగితం మార్చి, పెన్ను మార్చి, కూర్చునే వైపు మార్చి చేసింది. ప్రతిసారీ ఆవిడకి ఒకటే జవాబు, పుస్తకంలో వేరే జవాబు. ఏడో లెక్క రాని ప్రశ్నపత్రం లేదు, అన్నిటికంటే ఎక్కువ మార్కులు దానికే. ముందు రెండు పరీక్షల్లోనూ ఆవిడ తన జవాబే రాసి వచ్చింది, చేతికి రెండో మూడో మార్కులు వచ్చాయి. థీరీలో ఆవిడకెప్పుడూ అత్తెసరే, కాబట్టి ఈ లెక్క పోతే పేపరు పోయినట్టే.

చిక్కుముడి విప్పింది పక్క బెంచీ కళ్ళజోడు పిల్ల. ఆ పిల్లకి మా ఆవిడంటే ప్రాణం, అక్కా అక్కా అంటూ తిరుగుతుంది. ఒక సాయంత్రం క్లాసు కాగానే మెట్లమీద చెప్పిందట.

"అక్కా, నీకెవరూ చెప్పలేదా? ఏడో లెక్కలో తరుగు రెండుసార్లు తియ్యాలి."

"ఎందుకు?"

"ఎందుకని అడక్కూడదు. మా సీనియర్లు మాకు చెప్పారు, వాళ్ళకి వాళ్ళ సీనియర్లు చెప్పారు. కిటికీ పక్క బెంచీ మీద చెక్కి కూడా ఉంది."

మర్నాడు పొద్దున ఆవిడ అలా చేసి చూసింది. పుస్తకంలో జవాబు చక్కగా వచ్చి కూర్చుంది. నేను సంతోషించి "కలిసింది" అన్నాను. ఆవిడ మొహం చూస్తే మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టుంది.

"మీ మిషను కొన్నప్పటి ధర ఇప్పుడు వస్తుందా?" అని అడిగింది.

"ఇప్పుడా? పాత ఇనుము కొనేవాడు కూడా ఆలోచిస్తాడు."

"వాడేకొద్దీ తగ్గే ఆ విలువనే తరుగు అంటారు. ఏడాదికోసారి దాన్ని ఖర్చు కింద రాసి, మిషను విలువలోంచి తీసేస్తారు. ఈ లెక్కలో అది ముందే తీసేశారు. తీసేయగా మిగిలిందే ప్రశ్నలో ఇచ్చారు. పుస్తకం దాన్ని మళ్ళీ తీస్తోంది."

"ఒక ఏడాదిలో మిషను రెండుసార్లు ఎలా పాతబడుతుంది?"

"మీకు అర్థమైంది" అంది. "దర్జీకి అర్థమైంది."

"మరి రెండుసార్లు తీస్తే రెండు పక్కలా కలవకూడదు కదా?"

"కలుస్తుంది. అదే ఖర్మ. లాభంలోంచి ఒకసారి ఎక్కువ పోతుంది, యంత్రంలోంచి ఒకసారి ఎక్కువ పోతుంది. రెండు పక్కలా సమానంగా తప్పు."

ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు ఇన్ని బ్యాచీలు ఆ తరుగుని రెండోసారి తీస్తూ వచ్చాయన్నమాట. నాకైతే ఒళ్ళు మండింది. ఆవిడ మాత్రం నెమ్మదిగా కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని, "సారుని అడుగుతాను" అంది.

నేనూ వెంట వెళ్ళాను. డిపార్టుమెంటు గది అంటే రెండు ఇనప బీరువాలు, వాటి మీద తాళ్ళతో కట్టిన జవాబుపత్రాల కట్టలు, సగం తిరిగే ఫ్యాను. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆవిడ కాగితం సారు ముందు పెట్టింది.

"ఏడో లెక్క సార్."

"రాలేదా అమ్మా?"

"వచ్చింది సార్. పుస్తకంలో జవాబు రాలేదు."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మొదటి నుంచీ చదివాడు. ఆఖరి పేజీ ముందు తిప్పకుండా చదవడం నేనైతే ఊహించలేదు. చదివి, "నువ్వు చేసింది కరెక్టే" అన్నాడు. నాకు అక్కడే చప్పట్లు కొట్టాలనిపించింది.

"పాత ముద్రణలో తరుగు ప్రశ్న చివర సర్దుబాట్లలో, అంటే ఇంకా తియ్యాల్సిన వాటిలో, ఉండేది" అన్నాడు ఆయన. "తరవాతి ముద్రణలో దాన్ని ముందే తీసేసినట్టు పైన పట్టీలోకి జరిపాను. జవాబు మార్చడం మర్చిపోయాను."

"అయితే మీకు తెలుసా సార్?"

"తెలుసు."

"మరి క్లాసులో చెప్పలేదేం సార్?"

"నాకు తెలిసేసరికే ఎంతమందో అది రాసి పాసయిపోయారు. ఇప్పుడు తప్పని చెబితే వాళ్ళ మార్కుల సంగతేమిటి? అన్ని కాలేజీల్లోనూ ఇదే కీ. నేను ఇంకొన్నాళ్ళలో రిటైరవుతున్నాను. ఇప్పుడెందుకమ్మా ఇదంతా?" ఆయన కాగితం మడిచి ఆవిడ చేతికిచ్చాడు. "పుస్తకంలో ఉన్నదే రాయి. పాసవ్వు. పాసయ్యాక ఎంత సరిగ్గా కావాలంటే అంత సరిగ్గా చేసుకో."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనుషుల్ని నేను చాలామందిని చూశాను. నాలుగో కాలు తనకీ కనిపిస్తోందని ఒప్పుకుని మరీ మూడే రాయమనే మనిషిని అదే చూడటం. పైగా ఎంత మర్యాదగా చెప్పాడంటే, తిరిగి ఒక మాట అనడానికి కూడా సందు లేదు. మెట్లు దిగుతూనే ఆవిడ ఆ కాగితాన్ని సంచి అడుక్కి తోసేసింది.

ఆ తరవాత మా ఇంట్లో ఏడో లెక్క అన్నం దగ్గరికి కూడా వచ్చేసింది. మా అమ్మ "రెండుసార్లు తీస్తే నీ సొమ్మేం పోయిందే, నీ యంత్రమా అది?" అంది. నేను నా వృత్తి ధర్మం చెప్పాను. గిరాకీ వదులుగా కావాలంటే వదులుగా కుడతాం. బిగువుగా ఉంటేనే అందమని మనకి తెలిసినా సరే, వేసుకునేవాడు అతను. మన కంటికి నచ్చినట్టు కుడితే చొక్కా మన దగ్గరే ఉండిపోతుంది. ఇందులో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలీదు, కాబట్టి జరిగినదానికి నన్ను మాత్రం అనకండి.

"అది చొక్కా" అంది ఆవిడ. "వదులైనా బిగువైనా చొక్కానే. ఇది తప్పు."

"ఆ కుర్చీలో కూర్చుంటే వందసార్లు ఒప్పులు రాసుకోవచ్చు."

"రాసుకోవచ్చు" అంది. కంచం తీసుకుని లేచింది.

పరీక్ష రోజు నేను షాపు మూసి కాలేజీ గేటు బయట నిలబడ్డాను. పిల్లలందరూ నవ్వుకుంటూ వచ్చారు, ఏడో లెక్క అంకె మారకుండా వచ్చిందట. ఆవిడ అందరికంటే వెనక వచ్చింది. చూపుడువేలికి సిరా అంటుకుని ఉంది.

"తీశాను" అంది. "రెండోసారి కూడా."

నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఇద్దరం గేటు ఎదురుగా టీ తాగాం. కుర్చీ వచ్చేసిందనే అనుకుని, ఆఫీసుకి కట్టుకోడానికి ఏం కావాలో కూడా నేనే లెక్కలు వేశాను. ఆవిడ గ్లాసులోకి చూస్తూ, "జంటగీతలు గీసేటప్పుడు చెయ్యి ఆగింది. రెండుసార్లు ఒప్పు రాసి తప్పాను, ఒకసారి తప్పు రాసి పాసవుతాను అనుకుని గీసేశాను" అంది.

కొన్నాళ్ళకి టిక్కు సారు మా షాపుకి వచ్చాడు. వీడ్కోలు సభకి కోటు కావాలట. ఆ రోజు తన గది గుమ్మం దగ్గర నన్ను చూసిన గుర్తుతో, నేను దర్జీనని ఎవరినో అడిగి తెలుసుకుని వెతుక్కుంటూ వచ్చాడు. నేను పెదాల మధ్య సూదులు పెట్టుకుని భుజాల కొలత తీస్తున్నాను. ఆవిడ తెర వెనక గుండీలు కుడుతోంది.

"వదులుగా కుట్టవయ్యా" అన్నాడు. "రిటైరయ్యాక ఒళ్ళు వస్తుందంటారు." చెయ్యి చాపి కొలతకిస్తూ, "మీ ఆవిడకి చెప్పు, ఆ రోజు తను వచ్చి వెళ్ళాక నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. పోయేముందు ఒక్క మంచిపని చేద్దామనుకున్నాను. ఈసారి ఏడో లెక్కకి సరైన జవాబే కీలో పంపాను" అన్నాడు.

తెర వెనక గుండీల డబ్బా కిందపడిన చప్పుడైంది. నేను సూదులు నోట్లో ఉండగానే ఏదో అనబోయి పెదవి గుచ్చుకున్నాను. ఆవిడే తెర తీసుకుని వచ్చింది.

"మరి పాత జవాబు రాసిన వాళ్ళకి సార్?"

"తప్పుకి మార్కులెలా ఇస్తామమ్మా?"

"ముందే చెప్పి ఉండొచ్చు కదా సార్ క్లాసులో."

"పరీక్ష ముందు ఒక లెక్క గురించి ప్రత్యేకంగా చెబితే ప్రశ్నపత్రం బయటపెట్టినట్టు అవుతుంది. నియమం ఒప్పుకోదు." ఆయన సంతోషంగా నవ్వాడు. "నీకేం భయం? క్లాసు మొత్తంలో సరైన జవాబు రాసేదానివి నువ్వొక్కదానివే కదా. నీ కోసమే చేశాననుకో."

ఆవిడ ఏమంటుందా అని నేను చేతిలో టేపు పట్టుకుని అలాగే ఉండిపోయాను. "కోటు ఎప్పటికి కావాలి సార్?" అని అడిగింది ఆవిడ. ఆయన తేదీ చెప్పి వెళ్ళిపోయాడు. ఆవిడ కింద కూర్చుని గుండీలు ఏరుకుంది. నేను సాయం చెయ్యబోతే వద్దంది.

ఫలితాలు వచ్చాయి. థీరీ బాగా రాసిన పిల్లలు ఎలాగో బయటపడ్డారు, కళ్ళజోడు పిల్ల కూడా. ఆవిడ తప్పింది. ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ పరీక్ష దాకా ఆగుతారేమోనని సూపరింటెండెంటు దగ్గరికి నేను కూడా వెళ్ళాను. ఆయన "నా చేతుల్లో లేదండి" అన్నాడు. ఎవరి చేతుల్లో ఉందో మాత్రం చెప్పలేదు. వేరే ఆఫీసు నుంచి డిగ్రీ ఉన్న అతన్ని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. అతను మర్యాదస్తుడు, ఆవిణ్ణి మేడమ్ అంటాడు, కిటికీలోంచి బయటికి కూడా చూడడు. తిట్టుకోడానికి ఒక్క లోపం దొరక్కపోవడంతో నాకు ఇంకా మంటగా ఉంది.

సభ ముందురోజు టిక్కు సారు కోటు కోసం వచ్చాడు. వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. వదులుగా కావాలన్నాడు, వదులుగానే కుట్టాను. భుజాల దగ్గర వేలాడుతోంది. ఆయనకి నచ్చింది. అప్పుడు ఆవిడ ఇస్త్రీ చేస్తూ కనపడింది.

"జాబితాలో నీ నంబరు లేదేంటమ్మా?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు, నటన కాదు. "ఏడో లెక్క ఏం రాశావు?"

"మీరు మీ గదిలో చెప్పిందే రాశాను సార్."

ఆయన అద్దంలోంచే ఆవిణ్ణి చూశాడు. కోటు గుండీ ఒకటి పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "మళ్ళీ రాయమ్మా. ఫీజు కట్టావా?" అన్నాడు.

"కట్టాను సార్." ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టింది. గొంతులో కోపం లేదు, సందేహం అడుగుతున్న విద్యార్థిలాగే ఉంది. "పుస్తకంలో ఇంకా పాత జవాబే ఉంది. మీరు రేపటి నుంచి ఉండరు. ఈసారి ఏది రాయమంటారు సార్?"

ఆయన కోటు చేతులు సర్దుకున్నాడు. "అది... కొత్తగా వచ్చే ఆయన్ని బట్టి ఉంటుందమ్మా" అన్నాడు.

ఆవిడ తలూపింది. మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది. ఆయన కోటు వేసుకునే వీధిలోకి దిగాడు. ఆ మనిషిని నిలబెట్టి కడిగెయ్యడానికి ఇన్నాళ్ళుగా నేను ఎన్ని మాటలు దాచుకున్నానో నాకే తెలుసు. ఆ పూట నా నోట్లో ఒక్క సూది కూడా లేదు. అయినా మాట రాలేదు.